పంపు నిలపడమే అసలు పని

నేను చేసిన ఉద్యోగాన్ని పర్ఫ్యూజనిస్ట్ అంటారు. ఆండర్సన్‌పేటలో మా వీధిలో ఈ మాట ఇప్పటికీ ఎవరి నోటా తిరగదు. "రూతమ్మ ఆసుపత్రిలో పంపు తిప్తాది" అంటారు. ఆ మాట పట్టుకుని ఒకసారి పక్కింటి మేరీ అత్త వచ్చింది.

"మా బోరు మోటారు నిన్నట్నుంచి నీళ్ళు ఎత్తలా. రవంత వచ్చి చూసిపోమ్మా" అంది.

వెళ్ళి చూశాను. ఫ్యూజు పోయింది. మార్చి వచ్చాను. అప్పటినుంచి వీధిలో నా పేరు పంపక్క. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు ఆ పేరు ఇష్టమే. నా పని గురించి అంతకంటే సరిగ్గా చెప్పిన మాట డిగ్రీలు చదివినవాళ్ళ దగ్గర కూడా నేను వినలేదు.

గుండెకు ఆపరేషన్ చేయాలంటే చాలాసార్లు గుండెను కాసేపు నిలపాలి. ఆ కాసేపు ఒళ్ళంతటికీ రక్తం పంపేది, ఆ రక్తానికి ప్రాణవాయువు ఎక్కించేది ఒక మిషన్. సర్జన్ కుట్లు వేస్తుంటే ఆ మిషన్ దగ్గర ఉండి నడిపేది మేము. నేను ఎక్కువగా చూసింది పిల్లల గుండెలే. ఆపరేషన్ అయ్యాక కూడా గుండె లేవకపోతే, అలాంటిదే ఇంకో చిన్న మిషన్‌కు బిడ్డను కలిపి రోజుల తరబడి నడుపుతాం. దాన్ని ఎక్మో అంటారు. ఒంట్లోంచి నల్లరక్తం గొట్టంలోకి వస్తుంది, పంపు దాన్ని తోస్తుంది, ఆక్సిజన్ డబ్బాలోంచి ఎర్రగా బయటపడి మళ్ళీ ఒంట్లోకి పోతుంది. అంతే. ఎక్మో గుండెకు మందు కాదు, సెలవు మాత్రమే. ఈ ఒక్క ముక్క అర్థం కాకుండా ఈ పనిలోకి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. పెద్ద డాక్టర్లలోనూ చూశాను.

ఈ మధ్య ఈ కోర్సు చదివిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "ఏదైనా చెప్పండి మేడం" అంటారు. కాఫీ ఇచ్చి రెండు మాటలు చెప్పి పంపడం చాలడం లేదు. అందుకే రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ పదవి వచ్చిందో, రిటైరైన రోజున ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

తువ్వాలు కప్పిన తెర

కోలారు బంగారు గనులు మూసేశాక మా ఊరు ఊరంతా పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయే ఊరైపోయింది. మా నాన్న గనిలో టింబరు మేస్త్రీ. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఆ పని పోయాక ఇంట్లో కూర్చుని అందరిమీదా చిరాకుపడేవాడు. నేను నర్సు పని చేస్తూ అదే రైల్లో తిరిగేదాన్ని. ఆసుపత్రిలో పర్ఫ్యూజన్‌కు మనుషులు చాలక, నర్సుల్లో ఎవరికైనా నేర్పిస్తామన్నారు. నేను చేయెత్తాను. ధైర్యం అనుకోకండి. వార్డులో కంటే ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ బాగుంటుందనుకున్నాను.

మాకు నేర్పింది ఫ్రాన్సిస్ సార్. నోరు మంచిది కాదు. సెలవడిగితే ఎవరో చచ్చినట్టు ముఖం పెట్టేవాడు. బాగా చేశావని ఒక్కసారి కూడా అనలేదు. అయినా ఈ పనిలో నాకు వచ్చిందంతా ఆయన పెట్టిన భిక్షే, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

ఒకరోజు మిషన్ నడుస్తుండగా ఆయన అంకెలు చూపే తెర మీద తువ్వాలు కప్పేశాడు.

"ఏయ్ కోలారు! రక్తం ఫ్లో ఎట్ల ఉంది?"

"తెర కనపడటం లేదు సార్."

"తెరకు ప్రాణం ఉందా? గొట్టం చూడు."

చూశాను. బిడ్డ దగ్గరనుంచి వచ్చే గొట్టం సన్నగా వణుకుతోంది. బిడ్డ ఒంట్లోంచి పంపుకు కావలసినంత రక్తం అందకపోతే ఆ గొట్టం అలా వణుకుతుంది. నేను గాభరాపడి పంపు వేగం పెంచబోయాను. ఆయన నా చేతిమీద ఒక్కటి వేశాడు.

"లేనిదాన్ని లాగితే వస్తుందా? తగ్గించు!"

తగ్గించాను. వణుకు ఆగింది. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు ఇదే. అంకె పడిపోతే వేగం పెంచుతారు. పంపును ఎంత వేగంగా తిప్పినా లోపల లేని రక్తం రాదు. ముందు వేగం తగ్గించి, రక్తం ఎందుకు చాలడం లేదో బిడ్డ దగ్గరికి పోయి చూడాలి. నా తర్వాత వచ్చినవాళ్ళందరికీ నేను కూడా తెరమీద తువ్వాలు కప్పి నేర్పాను. చేతిమీద మాత్రం వేయలేదు. కాలం మారింది.

ఇంకొకటి. ప్రతి మిషన్ పక్కనా చేత్తో తిప్పే పిడి ఒకటి వేలాడుతుంటుంది. కరెంటు పోయి బ్యాటరీ కూడా మొరాయిస్తే దాంతోనే తిప్పాలి. కోర్సులో దాన్ని ఒకసారి చూపించి వదిలేస్తారు. మీరు వదలొద్దు. నీళ్ళు నింపిన గొట్టాలు తగిలించి, భుజం పడిపోయేదాకా తిప్పి చూడండి. అవసరం పడిన రోజున పిడి ఎటు తిరుగుతుందో వెతుక్కుంటూ కూర్చోకూడదు.

ఎవరు చెప్పినా ఆయన వినని మాట

బెంగళూరులో నేను పనిచేసిన ఒక చోట ఒక సర్జన్ ఉండేవారు. చేయి చాలా మంచిది. ఆయన వేసిన కుట్టు చూస్తే ముచ్చటేసేది. వాదనలో మాత్రం ఆయన ఎవరిచేతా ఓడిపోగా నేను చూడలేదు. అది మంచి లక్షణం కాదు.

బడికి పోయే వయసున్న ఒక పిల్లవాడు వచ్చాడు. జ్వరం గుండెకు పాకి, గుండె నీరసించిపోయింది. ఎక్మో పెట్టాం. కొన్నాళ్ళకు గుండె మెల్లగా లేచింది. రోజూ స్కానింగ్ చేసే డాక్టరమ్మ చెప్పింది, నేనూ చెప్పాను, ఇక తీసి చూద్దామని.

"నంబర్లన్నీ బాగున్నాయి కదా. బాగున్నదాన్ని ఎందుకు కెలకడం? ఇంకొక్క రోజు ఉంచుదాం" అన్నారాయన.

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తూనే ఉండాలి. ఆ మందు ఇచ్చినన్నాళ్ళూ ఒంట్లో ఎక్కడైనా రక్తం కారే భయం ఉంటుంది. మందు తగ్గిస్తే గడ్డలు కట్టే భయం. ఒక పొద్దున ఆ పిల్లవాడి కంటిపాప పెద్దదైపోయి, వెలుతురు వేసినా కదల్లేదు. తలలో రక్తం కారింది. గుండె మాత్రం చివరిదాకా బాగానే కొట్టుకుంది.

వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "నిన్న బాగుండాడు అన్నారు గదా సిస్టర్?" అని అడిగింది. ఇంటికి పోయే రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. కోపం ఇప్పటికీ పోలేదు. మిషన్ మీద బిడ్డ బాగుండటం వేరు, బిడ్డ బాగుండటం వేరు. ఎక్మో ఎక్కించడానికి అందరూ పరిగెత్తుకొస్తారు, ఫొటోలు కూడా తీసుకుంటారు. దించడానికే మనుషులు దొరకరు.

మోనిష

ఆ తర్వాత బెంగళూరు రైలు ఇక చాలనిపించింది. కోలారు దగ్గర హైవే పక్కన ఒక ట్రస్టు ఆసుపత్రిలో పిల్లల గుండె విభాగం పెడుతున్నారంటే అక్కడ చేరాను. అక్కడ పెద్ద సర్జన్ డాక్టర్ మాధవరావు. మంచి మనిషి, చెప్పింది వింటాడు. ఒక్కటే లోపం, బిడ్డల తల్లిదండ్రులు ఏడిస్తే తట్టుకోలేడు. థియేటర్‌లో సింహం, వరండాలోకి వస్తే పిల్లి. చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే, "రూత్, నువ్వు ముందు వెళ్ళు" అని నన్ను తోసేవాడు.

మోనిష పాలు తాగే పాప. తల్లి సుజాతది ఆండర్సన్‌పేటే, ఆవని అనే పల్లెలో ఇచ్చారు. భర్త కోలారు పక్క నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. పాప పాలు తాగుతూ తాగుతూ ఉలిక్కిపడి ఏడ్చేది. నుదురంతా చెమట. ఇంట్లో దిష్టి తీశారు, అంత్రం కట్టించారు, పాలడబ్బా మార్చారు. చివరికి ఎవరో డాక్టరమ్మ గుండె విని మా దగ్గరికి పంపింది.

గుండె కండకు రక్తం అందించే నాళం పుట్టుకతోనే తప్పుచోట అతుక్కుంది. మంచి రక్తం పోయే పెద్ద నాళంలోంచి రావలసింది, ఊపిరితిత్తులకు నల్లరక్తం మోసే నాళంలోంచి వచ్చింది. ఆ వయసు బిడ్డకు పాలు తాగడమే పెద్ద పని. ఆ పని చేసినప్పుడల్లా పాపకు గుండెనొప్పి వచ్చేది. చెప్పడానికి నోరు లేదు కాబట్టి ఏడ్చేది. ఇది విన్నప్పుడు సుజాత తలమీద కొట్టుకుంది. "తాగుమే, తాగుమే అని నేనే కసిరినానక్కా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

డాక్టర్ మాధవరావు నాళాన్ని సరైనచోట కుట్టారు. కుట్టు బాగానే కుదిరింది. గుండె మాత్రం అప్పటికే అలసిపోయి ఉంది, మిషన్ తీస్తే నిలబడలేదు. థియేటర్‌లోనే ఎక్మోకు మార్చి పిల్లల ఐసీయూకు తెచ్చాం.

సుజాత వాళ్ళ నాయన పేరు మునెప్ప. ఆవని అల్లుడు ఏ మాటకైనా "మామను అడగాల" అనేవాడు. కాబట్టి ఆ ఇంటికి పెద్ద మునెప్పే. మునెప్ప పెద్దవాళ్ళు ఎప్పుడో ఆంధ్రా పల్లెలోంచి బంగారు గనికి పనికి వచ్చారు. ఆయన గనిలో లోపలి లెవెళ్ళలో, అంటే భూమి కింది అంతస్తుల్లో, నీళ్ళు తోడే పంపుల మీద పనిచేశాడు. ఐసీయూలోకి రానిచ్చినప్పుడు అందరూ బిడ్డ ముఖం చూస్తారు. ఈయన ముందు పంపును చూశాడు, మెడ పక్కకు వంచి విన్నాడు.

"ఇదేనా పంపు? శబ్దమే లేదే!"

"మంచి పంపుకు శబ్దం ఉండదప్పా" అన్నాను.

"అదీ నిజమే" అని నా ముఖం చూశాడు. "నువ్వు మన ఊరి దానిలాగుండావే. ఏ లైనమ్మా మీది?"

చెప్పాను. మా ఊళ్ళో గనివాళ్ళ ఇళ్ళ వరసను లైను అంటారు. మా నాన్న పేరు కూడా చెప్పాను. "టింబరు మేస్త్రీ కూతురా!" అని గట్టిగా అనేసి, నర్సు కసిరేసరికి నోరు మూసుకున్నాడు. ఆ రోజునుంచి వరండాలో నాకు ఆయన ఒక్కడే ప్రచారం. వేరే పిల్లల ఇంటివాళ్ళకు కూడా, "భయపడొద్దండప్పా. మన ఊరి పిల్ల తిప్తా ఉండాది. పంపు నిలిచిపోదు" అని చెప్పేవాడు. నాకు గర్వంగానే ఉండేది. ఆ మాటే నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తోచలేదు.

ఎవరు జామీను?

కొన్ని రోజులకు స్కానింగ్‌లో పాప గుండె గోడ కదలడం మొదలైంది. మొదట్లో నీరసంగా, తర్వాత బాగానే. బాగుందన్న పొద్దునే నేను టార్చిలైటు వేసి ఆక్సిజన్ డబ్బాను చూస్తే, ఒక మూలన నల్లటి గడ్డ కనబడింది. నిన్న లేదు. గుండె లేచింది, మిషన్‌కు ముసలితనం వచ్చింది. దించడానికి ఇంతకంటే ముహూర్తం ఉండదు.

డాక్టర్ మాధవరావు వరండాలోకి వెళ్ళి, "రేపు పంపు నిలిపి చూస్తాం" అన్నారు.

మునెప్ప బెంచీ మీదనుంచి లేచి నిలబడ్డాడు.

"నిలిపేదా? వద్దు సార్. పంపు నిలపకూడదు."

డాక్టరు ఏదో చెప్పబోయారు. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అల్లుడు తలదించుకుని, "మామ వద్దంటే వద్దు సార్" అన్నాడు. ఇంకేముంది, మా సింహం వెనక్కి తిరిగి వచ్చేసింది.

"సరే రూత్, రెండు రోజులు చూద్దాం" అన్నారు నాతో.

నాకు ఒళ్ళు మండింది. ఆయన చెయ్యి పట్టుకుని మిషన్ దగ్గరికి తీసుకుపోయి టార్చి వేశాను.

"దీన్ని అడగండి సార్, రెండు రోజులు ఆగుతుందేమో."

"ఇంటివాళ్ళు ఒప్పుకోకుండా గొట్టాలు ఎలా తీస్తాను? ఏదైనా అయితే?"

"ఏదైనా అవుతుందనే కదా తీయమంటున్నాను! ఒకసారి చూశాను సార్, రెండోసారి చూడను."

ఆయన నా చేతిలోని టార్చి ఆర్పేశారు. తర్వాత, "నువ్వు మాట్లాడు. నీ మాట వింటాడు" అన్నారు.

"మాట్లాడతాను. మీరూ నా పక్కనే నిలబడాలి. ఈసారి తలుపు చాటున నిలబడితే కుదరదు."

వరండాలో మునెప్ప పక్కన కూర్చున్నాను. డాక్టరు ఎదురుగా నిలబడ్డారు. గుండె బలం, స్కానింగ్ అని మొదలుపెట్టాను. ముసలాయన నా మాట వినడం లేదు. నేలకేసి చూస్తున్నాడు.

"నువ్వు గూడా ఇట్లంటావా తల్లీ? నువ్వు మన ఊరి దానివి."

"మన ఊరి దాన్ని కాబట్టే అంటా ఉండానప్పా."

"అయితే నీకు తెలీదా? పంపు నిలిపితే ఏమాయెనో నీకు తెలీదా?" అప్పుడు చెప్పుకొచ్చాడు. "గనులు మూసినాక గూడా పంపులు తిరగతా ఉన్న్యాయి. ఆమీద ఒక దినం నిలిపినారు. మేము గేటు కాడ నిలబడి, కొద్ది దినాలే, మళ్ళీ తిప్తారులే అనుకుంటిమి. ఎవురూ మాకు మాట ఇయ్యలా. మేమే అనుకుంటిమి. నేను దిగి పనిచేసిన లెవెలు ఇప్పుడు నీళ్ళల్లో ఉండాది. నా పంపు గూడా నీళ్ళల్లోనే ఉండాది. నిలిపినాక మళ్ళీ తిప్పేది లేదమ్మా. మునిగిందే. నా మనవరాలిని నేను ముంచనా?"

మా నాన్న గుర్తొచ్చాడు. ఈ ముసలాయన మొండితనం అజ్ఞానం కాదు. ఆయన జీవితమంతా పంపు తిరిగితే బతుకు, నిలిస్తే చావు. మా ఊళ్ళో ఇంకెవరినడిగినా అదే చెప్పేవాళ్ళు. అయినా ఇక్కడ ఆయనది తప్పు. జాలిపడి తప్పును ఒప్పని అంటే బిడ్డ పోతుంది. అందుకే ముఖాన్నే చెప్పాను.

"అప్పా, నువ్వు చెప్పేది గనికి నిజం. బిడ్డకు కాదు. గనికి సొంత పంపు లేదు. ఈ బిడ్డకు ఉండాది. అది అలిసిపోయి పండుకుంటే, మనం బాడుగ పంపు తెచ్చి పెట్టినాము. ఇప్పుడు సొంతది లేచింది. బాడుగది ఇంగా ఉంచితే మేలు చేయదు, కీడు చేస్తాది. రా, చూపిస్తాను."

లోపలికి తీసుకుపోయి టార్చి వేసి నల్లటి గడ్డను చూపించాను. "ఈ నలుపు ఊడి తలకు పోతే, ఈ బిడ్డ నిన్ను చూసి నవ్వదు. నేను అట్లాంటిది ఒకటి చూసినాను. ఊరికే భయపెట్టేదానికి చెప్తా లేను."

ఆయన చాలాసేపు ఆ మూలనే చూశాడు. మళ్ళీ వరండాలోకి వచ్చాక అడిగాడు.

"సరే. నిలిపితిరి. సొంతది తట్టుకోలా, కూలబడింది. మళ్ళీ దీన్ని తిప్తారని ఎవురు జామీను?"

"నేను" అన్నాను.

"నువ్వెవురు? పెద్ద డాక్టరా?"

"కాదు. పంపు కాడ నిలబడేదాన్ని. రేపు పంపు నిలపనప్పా. బిడ్డ దగ్గరికి పోయే గొట్టాలు బిగించి, మధ్యలో పక్కదారి తెరిచి, రక్తాన్ని మిషన్‌లోనే తిప్తా ఉంటాను. బిడ్డ తట్టుకోకపోతే బిగింపు వదిలేది, అంతే. ఊపిరి తీసి విడిచేలోగా మళ్ళీ పంపు మీద ఉంటాది. బిడ్డ నిలబడిందని అందరమూ ఒప్పుకునేదాకా పంపు తిరగతానే ఉంటాది."

డాక్టర్ మాధవరావు అప్పుడు నోరు తెరిచారు. నా సర్వీసులో ఆయన వరండాలో నిలబడి అంత సూటిగా మాట్లాడటం అదే మొదలు. "పెద్దాయనా, పాప ప్రాణానికి నేను జామీను ఇవ్వలేను. ఎవరూ ఇవ్వలేరు. కానీ రేపు తీయకపోతే ప్రమాదం రోజురోజుకూ పెరుగుతుంది. నా సొంత మనవరాలైనా రేపే తీస్తాను."

సుజాత ఇంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వచ్చి తండ్రి ముందు కూర్చుంది.

"నాయనా, అక్క చెప్పినట్ల చేద్దాము. పాపను ఒళ్ళో పెట్టుకుని ఎన్ని దినాలాయె నాకు."

మునెప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు పంపు కాడనుంచి కదలకూడదు" అన్నాడు నాతో.

"కదలను."

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. బిడ్డ బతుకుతుందని ఇంటివాళ్ళకు ఎప్పుడూ మాట ఇవ్వొద్దు. అది మన చేతిలో లేదు. మన చేయి ఏం చేస్తుందో మాత్రం గట్టిగా చెప్పండి, చెప్పింది చేయండి. మిషన్ మాన్పించి చూడటానికి డాక్టర్లు వాడే 'ట్రయల్', 'వీనింగ్' లాంటి మాటలు వాళ్ళముందు వాడొద్దు. ఎదుటివాడి భయం ఏమిటో ముందు అడగండి. ఒక్కొక్క ఇంటిది ఒక్కొక్క భయం.

పక్కదారి

మర్నాడు పొద్దున మొదలుపెట్టాం. రక్తం పలచబడే మందు సరిచూశాం. నేను పంపు వేగం కొంచెం కొంచెంగా తగ్గిస్తుంటే, తెరమీద పాప సొంత గుండె అల ఒక్కొక్క మెట్టుకూ లేస్తోంది. స్కానింగ్ డాక్టరమ్మ, "బాగుంది, బాగుంది" అంటోంది. గొట్టాలు బిగించాను. పక్కదారి తెరిచాను. పంపు తిరుగుతూనే ఉంది, బిడ్డ మాత్రం తన గుండె మీద తాను ఉంది.

రక్తపోటు నిలబడింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంతలోనే ఆక్సిజన్ అంకె జారడం మొదలైంది. జారుతూనే ఉంది. పాప పెదవులు నల్లబడుతున్నాయి. అందరి కళ్ళూ నా మీద, నా పంపు మీద.

"రూత్, వదులు! మళ్ళీ ఎక్కిద్దాం!" అన్నారు డాక్టర్ మాధవరావు.

నా చేయి బిగింపు మీదే ఉంది. వదలడానికి క్షణం పట్టదు. కానీ గుండె బాగుంది, పోటు బాగుంది, మరి ఆక్సిజన్ ఎందుకు పడుతోంది? ఎక్మో మీద ఉన్నన్నాళ్ళూ ఊపిరితిత్తులకు కూడా సెలవే. వెంటిలేటర్‌ను బాగా తగ్గించి పెడతాం. తలతిప్పి చూశాను.

"సార్! వెంటిలేటర్ ఇంకా నిద్రపోతోంది!"

ఐసీయూ కుర్రడాక్టరు "అయ్యయ్యో" అంటూ ఒక్క ఉదుటున పోయి దాన్ని పెంచాడు. పాప ఛాతీ పైకి లేచింది. అంకె ఆగింది. మెల్లగా పైకెక్కింది. పెదవులకు రంగు వచ్చింది.

ఆ కుర్రవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కూడా. తప్పు అతనొక్కడిది కాదు. నిన్నంతా పంపు, పంపు అని కొట్టుకున్నాం. ఇవాళ అందరమూ పంపునే చూస్తూ నిలబడ్డాం, ఊపిరి సంగతి మరిచాం. ఆ తర్వాత మా దగ్గర ఒక కట్టడి పెట్టుకున్నాం. గొట్టాలు బిగించేముందు ఒక మనిషి పంపు వైపు చూడకుండా వెంటిలేటర్ ముందే నిలబడి, అది ఎంతలో ఉందో పైకి చదవాలి. మీరూ పెట్టుకోండి.

చాలాసేపు చూశాం. నడుమ నడుమ బిగింపు ఒక్క క్షణం వదిలి, గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా చూసుకుంటూ వచ్చాను. పాప గుండె ఒక్కసారి కూడా తడబడలేదు. మధ్యాహ్నం డాక్టర్ మాధవరావు గొట్టాలు తీసేసి, ఆపరేషన్ నాటినుంచి తెరిచే ఉంచిన ఛాతీమీద పొర కప్పారు. బిడ్డకూ మిషన్‌కూ మధ్య ఇప్పుడు ఏమీ లేదు. పంపు మాత్రం, నేను ఇచ్చిన మాట ప్రకారం, పక్కన ఉత్తగానే తిరుగుతోంది.

ఇక దాన్ని నిలపాలి. రోజూ అయితే నేనే ఒక చేత్తో నిలిపేసి, టీకి పోయేదాన్ని. ఆ రోజు ఎందుకో చేయి ఆగింది. తలుపు దగ్గరికి పోయి మునెప్పను, సుజాతను పిలిచాను. చేతులు కడిగించి, గౌను తొడిగించి లోపలికి తెచ్చాను.

"గొట్టాలు తీసేసినామప్పా. పాప తన గుండెతోనే ఉండాది. ఈ పంపుకు ఇంగ పని లేదు. నువ్వే నిలుపు."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనా? వద్దమ్మా. నా చేత్తో పంపు నిలపను."

"నాయనా, పాపను చూడు" అంది సుజాత. "తెల్లగ ఉండిన మొకం ఎట్ల ఎరుపాయెనో చూడు."

ఆయన చూశాడు గాని నమ్మలేదు. నమ్మమని ఊరికే చెప్తే ఎలా నమ్ముతాడు? ఆయన ఎడమచేయి పట్టుకుని, పాప మోచేతి మడతలో రెండు వేళ్ళు ఆనించాను. మొద్దుబారిన వేళ్ళు. అవి నాడిని కనుక్కోవడానికి కాస్త సమయం పట్టింది. కనుక్కున్నాక ఆయన ముఖం మారింది. అప్పుడు కుడిచేతిని పంపు వేగం తిప్పే బిళ్ళ మీద పెట్టాను.

"ఇట్ల ఎడమపక్కకు తిప్పు. మెల్లగా."

తిప్పాడు. సన్నటి రొద తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. గొట్టంలో రక్తం నిలిచిపోయింది. మునెప్ప ఊపిరి బిగబట్టి, ఎడమచేతి వేళ్ళకేసే చూస్తున్నాడు.

"తల్లీ" అన్నాడు నాతో, గుసగుసగా. "ఇది నిలిచిపాయె. అది కొట్టుకుంటానే ఉండాది."

మిషన్‌ను బయటికి తోసుకుపోవాలి, కాస్త పక్కకు జరగప్పా అన్నాం. జరగలేదు. పాప చేతిమీద వేళ్ళు అలాగే పెట్టుకుని నిలబడ్డాడు. మేమే ఆయన చుట్టూ తిప్పుకుని తోసుకుపోయాం.